ఇంట్లో కేబుల్ ఇంటర్నెట్‌ను ఇంకో గదికి మార్చుకోవడం: మొదటి కొలత నుంచి చివరి పరీక్ష దాకా

మోడెమ్ హాల్లో ఉంటుంది, మనం పని చేసుకునేది లోపలి గదిలో. మధ్యలో రెండు గోడలు. వీడియో కాల్ మొదలవగానే అవతలివాళ్ల మాట తెగిపోతుంది. "నెట్‌నే ఆ గదిలోకి మార్చేద్దాం" అనిపించడం సహజం. అనిపించగానే చాలామంది ఓ పొడవాటి కేబుల్, ఒక స్ప్లిటర్ (ఒక తీగలోని సిగ్నల్‌ను రెండు మూడు తీగలకు పంచే చిన్న పెట్టె) తెచ్చి తగిలించేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. నెట్ వచ్చింది, సంతోషించాను. వారం తిరక్కుండానే రోజుకు నాలుగైదు సార్లు ఆగిపోవడం మొదలైంది. నేను పెట్టిన స్ప్లిటర్‌కు ముందే సీలింగ్ పైన ఎప్పుడో టీవీల కోసం పెట్టిన నాలుగు దారుల స్ప్లిటర్ ఒకటి ఉందని చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. రెండూ కలిసి సిగ్నల్‌ను తినేస్తున్నాయి.

అందుకే ఈ పనిలో నేను అన్నిటికన్నా ముందు చెప్పే మాట ఒకటే. మీరు మార్చాలనుకుంటున్నది మోడెమ్‌నా, వై-ఫైనా? చాలా ఇళ్లలో మార్చాల్సింది వై-ఫైని. దానికి మోడెమ్‌ను కదిలించనక్కర్లేదు.

ముందు ఏ తీగో చూసుకోండి

మోడెమ్‌ను వెనక్కి తిప్పండి. బయటి నుంచి వచ్చే తీగ చివర మర తిప్పి బిగించే గుండ్రటి లోహపు కనెక్టర్, దాని మధ్యలో సూదిలాంటి తీగ ఉంటే అది కోయాక్సియల్ కేబుల్. అందరూ కోయాక్స్ అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

సన్నటి తీగ, చివర పచ్చ లేదా నీలం ప్లాస్టిక్ ప్లగ్ ఉంటే అది ఫైబర్. లోపల ఉన్నది గాజు పోగు. దాన్ని మీరు కత్తిరించొద్దు, మడవొద్దు, ఊడదీసి దాని కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనిపించదు, కానీ హాని చేయగలదు. ఫైబర్ పెట్టెను ఉన్నచోటే ఉంచి, కింద చెప్పే ఈథర్‌నెట్ దారిలో వెళ్లండి. ఎనిమిది చిన్న తీగలున్న, క్లిక్‌మని కూర్చునే ప్లగ్‌తో తీగ నేరుగా బయటి నుంచి వస్తుంటే మీ పని ఇంకా తేలిక. అదే ఈథర్‌నెట్, దాన్నే పొడిగించుకోవచ్చు.

మొదటి అడుగు: కదిలించకముందే అంకెలు రాసుకోండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. కోయాక్స్‌లో నడిచేది రేడియో సిగ్నల్. తీగ పొడవు పెరిగిన కొద్దీ, జాయింట్లు పెరిగిన కొద్దీ అది బలం కోల్పోతుంది. ఎంత బలం ఉందో తెలియకుండా ఎంత పోగొట్టుకోవచ్చో తెలియదు.

మోడెమ్‌కు కలిపి ఉన్న కంప్యూటర్‌లో గానీ ఫోన్‌లో గానీ బ్రౌజర్ తెరిచి 192.168.100.1 అని కొట్టండి. చాలా కేబుల్ మోడెమ్‌ల సొంత పేజీ అక్కడే తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని మూసి ఉంచుతాయి. అప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "నా మోడెమ్ సిగ్నల్ లెవెల్స్ చెప్పండి" అని అడగండి, వాళ్లకు అవి కనిపిస్తాయి. పేజీలో మూడు అంకెలు చూడాలి.

డౌన్‌స్ట్రీమ్ పవర్: బయటి నుంచి మీ దాకా చేరుతున్న బలం. కేబుల్ ఇంటర్నెట్ పాటించే డాక్సిస్ అనే సాంకేతిక ప్రమాణం −15 నుంచి +15 డీబీఎంవీ (సిగ్నల్ బలానికి కొలమానం) దాకా ఒప్పుకుంటుంది. కానీ నిశ్చింతగా ఉండాలంటే −7, +7 మధ్య ఉండాలి.

ఎస్ఎన్ఆర్: గోలలోంచి మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెప్పే అంకె. 33 డీబీ కన్నా పైన ఉంటే మంచిది.

అప్‌స్ట్రీమ్ పవర్: మీ మోడెమ్ అవతలికి వినిపించడానికి ఎంత గట్టిగా మాట్లాడుతోందో ఇది చెబుతుంది. 35 నుంచి 48 మధ్య ఉంటే సరే. 50 దగ్గరకు వచ్చిందంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తున్నట్టే. అంతకన్నా గట్టిగా అరవడం దానివల్ల కాదు, అందుకే కనెక్షన్ తెగుతుంది.

ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. మోడెమ్‌కు తీగతో కంప్యూటర్ కలిపి ఒకసారి స్పీడ్ టెస్ట్ కూడా చేసి రాసుకోండి. వై-ఫై మీద చేసిన టెస్ట్ ఇక్కడ పనికిరాదు, గోడల ప్రభావం అందులో కలిసిపోతుంది.

ఒక చిన్న లెక్క

రెండు దారుల స్ప్లిటర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డీబీ తగ్గిస్తుంది. 3 డీబీ తగ్గిందంటేనే బలం సగమైనట్టు. నాలుగు దారులదైతే సుమారు 7, ఎనిమిది దారులదైతే 11 పైచిలుకు. ఆర్‌జీ-6 రకం కోయాక్స్ 30 మీటర్లకు, పై ఫ్రీక్వెన్సీల్లో సుమారు 6 డీబీ తింటుంది. అప్‌స్ట్రీమ్ నడిచే కింది ఫ్రీక్వెన్సీల్లో నష్టం చాలా తక్కువ.

ఇప్పుడు మీ డౌన్‌స్ట్రీమ్ +2, అప్‌స్ట్రీమ్ 43 అనుకుందాం. ఒక రెండు దారుల స్ప్లిటర్, 15 మీటర్ల కేబుల్ కలుపుతున్నారు. డౌన్‌స్ట్రీమ్‌లో 3.5, 3 పోతే −4.5 మిగులుతుంది. అప్‌స్ట్రీమ్ 47 చిల్లరకు పెరుగుతుంది. నడుస్తుంది. అదే ఇవాళ డౌన్‌స్ట్రీమ్ −6, అప్‌స్ట్రీమ్ 47 ఉన్న ఇంట్లో ఇదే పని చేస్తే −12.5, 51. ఆ ఇంట్లో నెట్ నిలవదు. తేడా కేబుల్ నాణ్యతలో కాదు, మొదట్లో ఉన్న అంకెల్లోనే ఉంది.

రెండో అడుగు: దారి ఎంచుకోవడం

మూడు దారులున్నాయి. కొత్త గదిలో ఇప్పటికే కోయాక్స్ పాయింట్ ఉంటే దాన్ని వాడటం ఒకటి. మోడెమ్‌ను వదిలేసి ఈథర్‌నెట్ తీసుకెళ్లడం రెండోది. కొత్తగా కోయాక్స్ లాగడం మూడోది. నా ఓటు రెండోదానికే. ఈథర్‌నెట్‌లో డేటా 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా వెళ్తుంది. ఇల్లంతా చుట్టివచ్చినా అంత పొడవు అవసరం పడదు. పైగా కోయాక్స్ వైపు ఏ అంకే మారదు, అంటే ఇవాళ నిలకడగా ఉన్నది రేపూ నిలకడగా ఉంటుంది.

దారి 1: ఆ గదిలో పాయింట్ ఉంటే

మోడెమ్, దాని అడాప్టర్, చిన్న కోయాక్స్ ముక్క తీసుకెళ్లి అక్కడి పాయింట్‌కు తగిలించి ఆన్ చేయండి. అదే ఇల్లు, అదే అకౌంట్ కాబట్టి కంపెనీ మీ మోడెమ్‌ను దాని మ్యాక్ అడ్రస్‌తో, అంటే ప్రతి పెట్టెకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యతో, గుర్తుపడుతుంది. మామూలుగా మళ్లీ యాక్టివేట్ చేయించక్కర్లేదు. పది, పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. మోడెమ్ ఒక్కో ఛానెల్‌నూ వెతికి పట్టుకోవాలి. మధ్యలో ఆపి ఆన్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఆన్‌లైన్ లైటు స్థిరంగా వెలిగితే అంకెలు చూసి పాత ఫోటోతో పోల్చండి. రెండు మూడు డీబీ తేడా అయితే పట్టించుకోవద్దు. పని అయిపోయింది.

లైటు రాకపోతే గోడలోని ఆ తీగ అవతలి కొస దేనికీ కలిపి ఉండకపోవచ్చు. తీగలన్నీ కలిసే చోటు వెతకండి. మీటర్ల దగ్గరి పెట్టె, అటక, సీలింగ్ పైన, మెట్ల కింద చూడండి. అక్కడ పేర్లు లేని నాలుగైదు తీగలు కనిపిస్తాయి. ఏది ఏ గదిదో తేల్చడానికి మల్టీమీటర్ చాలు. గదిలోని పాయింట్‌కు ఏమీ తగిలించకుండా, మధ్య సూదినీ బయటి లోహాన్నీ చిన్న తీగముక్కతో కలపండి. ఇవతలి కొసల్లో ఒక్కోదాన్నీ, తీగ కలిసి ఉంటే బీప్‌మనే కంటిన్యుటీ మోడ్‌లో పెట్టిన మల్టీమీటర్‌తో చూస్తూ పొండి. బీప్ వచ్చిందే ఆ గది తీగ. ఈ పరీక్ష చేసేటప్పుడు ఆ తీగ రెండు వైపులా ఊడదీసి ఉండాలి. కొన్ని యాంప్లిఫయర్లు (సిగ్నల్ బలం పెంచే పెట్టెలు) కోయాక్స్ ద్వారానే కరెంటు తీసుకుంటాయి కాబట్టి ఇది మరిచిపోవద్దు. పని కాగానే తీగముక్క తీసేసి, ఆ కొసకు గది పేరు రాసి అంటించండి.

దొరికిన తీగను స్ప్లిటర్‌కు కలపడం కన్నా మంచి పని ఇంకొకటుంది. పాత గదిలో ఇక కేబుల్ వాడకపోతే స్ప్లిటర్‌నే తీసేసి, బయటి నుంచి వచ్చే తీగ కొసనూ ఆ గది తీగ కొసనూ బ్యారెల్ కనెక్టర్‌తో (రెండు వైపులా మరలున్న చిన్న జాయింట్‌తో) నేరుగా కలిపేయండి. సిగ్నల్ మునుపటికన్నా మెరుగవుతుంది. స్ప్లిటర్ తప్పనిసరైతే ఎన్ని దారులు కావాలో అన్నే ఉన్నది పెట్టండి, మీద 5–1002 లేదా 5–1218 మెగాహెర్ట్జ్ అని రాసి ఉండాలి. పాత టీవీ స్ప్లిటర్లు కొన్ని 5 కాకుండా 40 పైచిలుకు మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. అవి మోడెమ్ తిరిగి పంపే సిగ్నల్‌ను పోనివ్వవు. వాడని దారికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ (ఖాళీ దారిని మూసే చిన్న మూత) బిగించండి.

దారి 2: మోడెమ్ అక్కడే, ఈథర్‌నెట్ ఇక్కడికి

మోడెమ్, రౌటర్ విడివిడి పెట్టెలైతే మోడెమ్ ఈథర్‌నెట్ పోర్టు నుంచి కొత్త గదిలో పెట్టిన రౌటర్ వ్యాన్ పోర్టుకు (ఇంటర్నెట్ లోపలికి వచ్చే పోర్టు) ఒక తీగ లాగితే చాలు. సెట్టింగ్‌లు ఏవీ మార్చక్కర్లేదు.

రెండూ ఒకే పెట్టెలో ఉంటే కొత్త గదిలో ఇంకో రౌటర్ పెట్టి, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వై-ఫై మాత్రమే ఇచ్చేలా, నడపండి. ఈ మోడ్ పెట్టకపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు ఉన్నట్టవుతుంది. రెండు రౌటర్లూ విడివిడిగా అడ్రస్‌లు పంచుతాయి, ప్రింటర్ ఒక వైపు, ల్యాప్‌టాప్ ఇంకో వైపు ఉండి ఒకదానికొకటి కనిపించవు. వై-ఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టుకుంటే ఫోన్ గది మారినప్పుడు దానంతటదే మారుతుంది.

కేబుల్ క్యాట్-6 తీసుకోండి. గిగాబిట్‌కు క్యాట్-5ఈ కూడా సరిపోతుంది, కానీ గోడలోకి ఒకసారి వెళ్లిన తీగ మళ్లీ మారదు కదా. తీగ పూర్తి రాగిదై ఉండాలి. సీసీఏ అని రాసి ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. తేలిగ్గా విరుగుతుంది, నష్టం ఎక్కువ, ఈథర్‌నెట్ ప్రమాణాలకు సరిపోదు. ప్లగ్ లేకుండా తీగను లాగి తర్వాత ప్లగ్ కొడితే రంధ్రం చిన్నగా ఉంటుంది. టీ568బీ పద్ధతిలో రంగుల వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే వరస ఉండాలి.

అంతా అయ్యాక స్పీడ్ సరిగ్గా 95 మెగాబిట్ల దగ్గర ఆగిపోతోందంటే ఒక తీగ సరిగ్గా కూర్చోలేదని అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, ఒక జత తెగితే చాలా పెట్టెలు 100 మెగాబిట్లకు దిగిపోతాయి. మోడెమ్‌ను తిట్టుకోకుండా ప్లగ్ మళ్లీ కొట్టండి.

తీగ లాగే వీలే లేకపోయినా రెండు గదుల్లోనూ కోయాక్స్ పాయింట్లుంటే మోకా అడాప్టర్ల జత ఉంది. ఇవి అదే కోయాక్స్ మీద, 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య ఈథర్‌నెట్‌ను నడిపిస్తాయి. మోకా 2.5 రకం బాగా పనిచేస్తుంది. ఇంట్లోకి కేబుల్ వచ్చే చోట మోకా ఫిల్టర్ తప్పక పెట్టాలి, లేకపోతే మీ సిగ్నల్ పక్కింటి దాకా పోతుంది. కరెంటు వైర్ల మీద నడిచే అడాప్టర్లు ఇంటి వైరింగ్‌ను బట్టి మారిపోతాయి, వాటిని చివరికి ఉంచండి.

దారి 3: కొత్త కోయాక్స్ లాగడం

ఆ గదిలో మోడెమ్ ఉండి తీరాలంటే, మీ లెక్క ఒప్పుకుంటేనే ఇది చేయండి. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం పెట్టే ముందు యజమానిని అడగండి. బయటి స్తంభం దగ్గరి పెట్టె, అక్కడి నుంచి ఇంటి దాకా వచ్చే తీగ కంపెనీవి. వాటిని ముట్టుకోవద్దు. ఇంట్లోకి వచ్చేచోట కోయాక్స్‌ను ఎర్త్ తీగకు కలిపే చిన్న లోహపు దిమ్మ ఉంటుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని తప్పించి కొత్త కేబుల్ కలపొద్దు. పిడుగు పడినప్పుడు వచ్చే ఉధృతి భూమిలోకి పోవడానికి అదే దారి. దిమ్మకు ఇవతలి వైపు నుంచే మీ పని మొదలవ్వాలి.

కేబుల్ ఆర్‌జీ-6, 75 ఓమ్‌లది. పాత ఇళ్లలో సన్నగా ఉండే ఆర్‌జీ-59 కనిపిస్తుంది. దాన్ని పొడిగించడం కన్నా మార్చేయడం నయం. తీగ వెళ్లే దారిని నూలుతాడుతో కొలిచి, దానికి రెండు మీటర్లు కలుపుకోండి. కరెంటు వైర్లకు సమాంతరంగా వెళ్లాల్సి వస్తే కనీసం జానెడు, వీలైతే ముప్పావు మూర దూరం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. మూలల దగ్గర గట్టిగా మడవకుండా 7–8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పండి. క్లిప్పు కొట్టేటప్పుడు తీగ నలగకూడదు. నలిగిన చోట లోపలి తెల్లటి నురగపొర కుంచించుకుపోయి, సిగ్నల్ వెనక్కి కొట్టుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు.

డ్రిల్ పెట్టే ముందు గోడ రెండు వైపులా చూడండి. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా, కుళాయిలకు సూటిగా వైర్లు, పైపులు ఉండే అవకాశం ఎక్కువ. ఆ వైపు మెయిన్ ఆపండి. బయటి గోడకు పెట్టే రంధ్రం బయటికి కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీరు తీగ పట్టుకుని లోపలికి వస్తుంది. లోపలికి దూరేముందు తీగను కిందికి ఒక వంపు వేలాడనిస్తే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తర్వాత సిలికాన్‌తో మూయండి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కనెక్టర్ మీద. మర తిప్పి ఎక్కించేవి, చేత్తో నొక్కేవి వద్దు, కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్, దాని పనిముట్టు తెచ్చుకోండి. కోయాక్స్ స్ట్రిప్పర్‌తో తొడుగు తీశాక మధ్య తీగ సుమారు 6 మిల్లీమీటర్లు, తెల్లపొర ఇంకో 6 మిల్లీమీటర్లు బయటపడాలి. పైన ఉన్న అల్లికను వెనక్కి మడవండి. ఒక్క వెంట్రుకంత పోగు మధ్య తీగకు తగిలినా షార్ట్ అయినట్టే, కాబట్టి వెలుతురులో పెట్టి చూడండి. కనెక్టర్‌లోకి తోశాక తెల్లపొర లోపలి అడుగుతో సమానంగా కనిపించాలి. మధ్య తీగ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. అప్పుడు నొక్కండి. బిగించేటప్పుడు వేళ్లతో పూర్తిగా తిప్పి, స్పానర్‌తో ఇంకో పావు చుట్టు. మోడెమ్ వైపు మాత్రం సుతారంగా, అక్కడి పోర్టు సర్క్యూట్ బోర్డుకు అతికి ఉంటుంది.

ఈ బిగింపు మీ ఒక్క ఇంటి సంగతి కాదు. కేబుల్ నెట్‌వర్క్‌లో తిరుగు దారి, అంటే అప్‌స్ట్రీమ్, వీధి వీధంతటికీ ఉమ్మడిది. వదులుగా ఉన్న కనెక్టర్ యాంటెన్నాలా పనిచేసి, చుట్టుపక్కల మోటార్ల గోలనూ రేడియోల గోలనూ లోపలికి లాగుతుంది. ఆ గోల మీ ఇంటి నుంచి వెళ్లి పక్కవాళ్ల నెట్‌నూ పాడు చేస్తుంది. కేబుల్‌లోని సిగ్నల్ బయటికి కారినా ఇబ్బందే. విమానాల రేడియో వాడే 108–137 మెగాహెర్ట్జ్ కూడా అందులో ఉంటాయి. మీరు రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుని కొట్టిన కనెక్టర్ వల్ల మీకు తెలియని చాలామందికి మేలు జరుగుతుంది.

పెట్టెను పెట్టే చోటు

గదిలోకి వచ్చాక దాన్ని బీరువా వెనకో టీవీ వెనకో నేల మీదో పెడితే పడ్డ శ్రమంతా వృథా. ఛాతీ ఎత్తులో, తెరిచిన చోట ఉండాలి. లోహం, అద్దం, చేపల తొట్టి వై-ఫైకి అడ్డు. మైక్రోవేవ్ ఓవెన్ 2.4 గిగాహెర్ట్జ్‌ను చెడగొడుతుంది. అదే గదిలో వాడేవాటికి 5 గిగాహెర్ట్జ్ పెట్టుకోండి. గోడలు దాటాల్సినవాటికి 2.4 మేలు.

ఆన్ చేశాక

మళ్లీ అదే పేజీ తెరిచి మూడు అంకెలూ చూడండి, తీగతో స్పీడ్ టెస్ట్ చేయండి. లెక్క వేసుకున్నదానికి ఒకటి రెండు డీబీ అటూ ఇటూ అయితే సరే. ఐదారు డీబీ ఎక్కువ పోయిందంటే ఒక కనెక్టర్ సరిగ్గా పడలేదు. మీరు కొట్టినవాటిని ఒక్కోటి కోసి మళ్లీ కొట్టండి. పవర్ బాగుండి ఎస్ఎన్ఆర్ తక్కువ ఉంటే గోల చొరబడుతోంది, వదులైన జాయింట్ వెతకండి. పేజీలో అన్‌కరెక్టబుల్ (మోడెమ్ సరిదిద్దుకోలేకపోయిన తప్పులు) అనే లెక్క ఉంటుంది. మోడెమ్ మొదలైనప్పుడు కొన్ని రావడం మామూలే. ఒక గంట తర్వాత కూడా పెరుగుతూ పోతుంటే లోపం ఉంది.

కదిలించకముందే అంకెలు హద్దుల్లో లేకపోతే తప్పు మీ ఇంటి లోపల లేకపోవచ్చు. ఇంట్లోకి వచ్చే చోటే మోడెమ్‌ను నేరుగా తగిలించి చూడండి. అక్కడా బాగోలేకపోతే కంపెనీని పిలవండి. "నెట్ స్లోగా ఉంది" అనకుండా "ఎంట్రీ దగ్గరే డౌన్‌స్ట్రీమ్ −11, అప్‌స్ట్రీమ్ 51 ఉంది" అని చెప్పండి. ఆ మాట విన్నాక మోడెమ్ ఆపి ఆన్ చేయమనరు, బయటి లైన్ చూడటానికి మనిషిని పంపుతారు.

బయటి గోడ మీదుగా తీగ తెచ్చినవాళ్లు మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు ఇంకోసారి ఆ పేజీ తెరవండి. అంకెలు నాలుగైదు డీబీ పడిపోయి ఉంటే కనెక్టర్‌లోకి నీరు దిగింది. ఆరబెట్టి మళ్లీ వాడొద్దు, తడిసిన తీగను మెరిసే రాగి కనిపించేదాకా కోసి, కొత్త కనెక్టర్ కొట్టి, దాని మీద రబ్బరు తొడుగు వేయండి.